నారుకు ఏ మట్టి మంచిది?

పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (ఉద్యానశాస్త్రం)

“నారు పోసినవాడు నీరు పోయడా” అని పెద్దలంటారు. దేవుడి సంగతి అలా ఉంచితే, నారు పెంచడంలో మనం చేసే తప్పు నీరు పోయకపోవడం కాదు, ఎక్కువగా పోయడం. ఆ నీరు దిగని మట్టిని ఎంచుకోవడం అంతకంటే పెద్ద తప్పు. ఈ ఏడాది హాస్టల్ వెనుక ఖాళీ స్థలంలో టమాటా, వంగ, మిరప వేస్తామని, అందుకు ప్లాస్టిక్ కప్పుల్లో నారు పెంచుతామని తమ్ముళ్ళు చెప్పారు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

విత్తనం మొలవడానికి ఎరువు అక్కరలేదు. బీజదళాలు విచ్చుకునే వరకు కావలసిన ఆహారం విత్తనంలోనే ఉంటుంది. బయటి నుంచి కావలసినవి తేమ, వెచ్చదనం, గాలి. వీటిలో మనం మరచిపోయేది గాలినే. వేరు కూడా శ్వాసిస్తుంది. మట్టిలోని ఖాళీలన్నీ నీటితో నిండితే దానికి ప్రాణవాయువు అందదు. పిథియం వంటి తెగులు జీవులకు మాత్రం ఆ తడే కావాలి. మొక్క మొదలు నీరు పట్టినట్టు మెత్తబడి, నారు పక్కకు వాలిపోతుంది. దీన్నే నారుకుళ్ళు తెగులు అంటారు.

నేను ఇంటర్ చదివేటప్పుడు మా మిరప నారు ఇలాగే పోయింది. అది కౌలు చేను. నల్లరేగడిలో చదునుగా మడి కట్టాం. బలం వస్తుందని పచ్చి పేడ కలిపింది నేనే. రెండు పూటలా నీళ్ళు పోసిందీ నేనే. మొలిచిన వారానికి మడి సగం ఖాళీ అయింది. విత్తనం మంచిది కాదని మా నాన్న దుకాణం వాళ్ళతో గొడవపడి వచ్చాడు. మళ్ళీ అప్పు తెచ్చి ప్యాకెట్లు కొన్నాం. తప్పు విత్తనానిది కాదని డిగ్రీ రెండో ఏడులో గాని నాకు తెలియలేదు. ఆ మాట నాన్నకు చెప్పడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఇక కప్పుల సంగతి. చేలో పనికొచ్చే మట్టి కప్పులో ఎందుకు పనికిరాదు? పలక తుడిచే స్పాంజిని నీటిలో ముంచి, అరచేతిలో పడుకోబెట్టి పట్టుకోండి. కొంత నీరు కారి ఆగిపోతుంది. ఇప్పుడు దాన్ని పిండకుండా నిలబెట్టండి. మళ్ళీ నీరు కారుతుంది! ఎత్తు పెరిగితే నీరు ఎక్కువ దిగుతుందన్నమాట. చేలో కింద అడుగుల లోతు మట్టి ఉంది. రెండు మూడంగుళాల కప్పుకు చిల్లు పెట్టినా అడుగుభాగం తడితో నిండే ఉంటుంది. అడుగున గులకరాళ్ళు వేస్తే సరిపోతుందని కొందరు అంటారు. సరిపోదు, ఆ తడి పొర రాళ్ళ పైకి జరుగుతుంది, అంతే.

నర్సరీల వారు ప్రోట్రేలలో మట్టికి బదులు కొబ్బరి పొట్టు నింపేది ఇందుకే. పీచు తీయగా మిగిలే ఈ పొట్టు తన బరువుకు ఎన్నో రెట్లు నీరు పట్టి ఉంచుతూనే గాలికి చోటిస్తుంది. 98 గుంతల ట్రేకు సుమారు 1.2 కిలోలు పడుతుంది. అయితే దీనికీ లోపాలున్నాయి. ఉప్పునీటిలో నానిన కాయల పొట్టులో లవణాలు ఉంటాయి. పచ్చి పొట్టులో కర్బనం మరీ ఎక్కువ, నత్రజని తక్కువ. అది చివికేటప్పుడు సూక్ష్మజీవులు ఉన్న నత్రజనిని లాగేసుకోవడం వల్ల నారు పాలిపోతుంది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వారు పులియబెట్టిన పొట్టును ‘అర్క ఫర్మెంటెడ్ కోకోపీట్’ పేరుతో రూపొందించారు. అది దొరకకపోతే మామూలు పొట్టునే మంచినీటిలో నానబెట్టి, పిండి, నీళ్ళు మార్చి మూడుసార్లు కడగండి. మూడు పాళ్ళ పొట్టుకు ఒక పాలు వర్మీకంపోస్టు కలపండి. అంతకు మించి వద్దు.

పొట్టు కొనడానికి డబ్బు లేకపోతే కప్పులు మానేయండి. నేల మీద 15 సెంటీమీటర్ల ఎత్తు మడి కట్టి ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్ళలో వేయండి. ఇసుక వాగుది కావాలి, సముద్రపుది పనికిరాదు. విత్తనానికి ట్రైకోడెర్మా పట్టించడం మంచిదే గాని, నీరు నిలిచే మడిని అదొక్కటే కాపాడలేదు.

మిశ్రమం తయారయ్యాక తడిపి గుప్పెడు తీసుకుని బిగించండి. వేళ్ళ సందుల్లోంచి నీరు కారితే తడి ఎక్కువైనట్టు. ముద్ద కట్టి, వేలితో తాకితే విడిపోవాలి.

ఇంకొక పరీక్ష ఉంది. మెస్‌లో అడిగి నలభై ఆవాలు తెచ్చుకోండి. ఇరవై మిశ్రమంలో చల్లండి, ఇరవై తడి గుడ్డలో మూట కట్టండి. నాలుగు రోజుల తరువాత రెండూ లెక్కపెట్టండి. గుడ్డలో మొలిచి మిశ్రమంలో మొలవకపోయినా, వేరు కొసలు గోధుమరంగుకు తిరిగినా పొట్టును ఇంకోసారి కడగాలి. టమాటా ప్యాకెట్టు ఈ లెక్క చూశాకే కొనండి.