‘మెట్రో’ అను మాట

గుంటూరు మిరపయార్డుకు టిక్కీలు తెచ్చిన రైతును గాని, ఒంగోలు ప్రాంతమున ప్రత్తి తీయు తల్లిని గాని కుమారుని క్షేమమడిగినచో, “హైదరాబాదులో నున్నాడు, ప్రతిదినము మెట్రోలో పనికి పోవుచున్నాడు” అని చెప్పుట నేడు సామాన్యము. మెట్రో యనగా నగరమున తిరుగు రైలని అందఱికిని తెలియును. కాని ఆ మాటలో రైలు లేదు. మఱి యేమున్నది?

కొందఱు దీనిని మీటరుతో ముడిపెట్టుదురు. గుంటూరు–గుంతకల్లు మార్గము పూర్వము మీటరు గేజి. పట్టాల నడుమ దూరము ఒక మీటరు. ఆ మీటరు ‘మెత్రోన్’ అను గ్రీకు పదమునుండి పుట్టినది. దానికి కొలత యని యర్థము. మెట్రో వేఱు. దాని మూలము ‘మేతేర్’, అనగా తల్లి. సంస్కృతమున కొలతను చెప్పు మాత్రకును, తల్లిని చెప్పు మాతకును ఉన్నంత భేదము ఈ రెంటికిని కలదు.

గ్రీకున ‘పోలిస్’ అనగా పట్టణము. రెండును కలిసి ‘మేత్రోపోలిస్’ అయినది. మేతేరును మన మాతృశబ్దమును, పోలిసును మార్కాపురము వంటి పేళ్లలోని పురశబ్దమును తోబుట్టువులని భాషావేత్తలు చెప్పుదురు. కనుక అది అచ్చముగా ‘మాతృపురము’. ప్రాచీన గ్రీకులు క్రొత్తసీమలకు వలసపోయి, తాము విడిచిన పట్టణమును ఆ పేరుతో పిలిచెడివారు. సిరక్యూసును నెలకొల్పినవారు కొరింథునుండి వెడలినవారు. కావున కొరింథు దానికి మాతృపురము. వలసవారు తల్లిపట్టణపు పవిత్రాగ్నినుండి నిప్పు కొనిపోవుట ఆచారము.

కాలక్రమమున ఆ పదము మహానగరమునకు పేరైనది. 1863లో లండనున భూమిలోపల తొలి నగరరైలును నడిపిన సంస్థ ‘మెట్రోపాలిటన్ రైల్వే’. 1900లో పారిసున వెలసిన మార్గమునకును ఇట్టి పేరే పెట్టిరి. ప్రజలు ఆ పొడుగు పేరును త్రుంచి ‘మెట్రో’ అనిరి. రైలు పోయినది, ఊరు పోయినది, తల్లి మాత్రము మిగిలినది. ఆ కుఱుచ మాటయే 1984లో కలకత్తాకును, 2017లో హైదరాబాదునకును వచ్చినది.

నేడు ఆ పేరు జనులను తనలోనికి లాగుకొను నగరమునకు చెల్లుచున్నది. పూర్వము అది జనులను సాగనంపిన ఊరికి చెల్లెను. విద్యార్థులారా! ఆ ప్రాచీనార్థమున ప్రత్తిచేల నడుమనున్న మీ పల్లెయే మాతృపురము. రేపు మీలో ఎందఱో ఆ రైలెక్కెదరు. ఎక్కినపుడు, ఆ మాటలో నిలిచియున్న తల్లిని మఱవకుడు.

ప్రశ్నలు

1. ‘మీటరు’, ‘మెట్రో’ పదముల మూలార్థములను తెలుపుము.
2. కొరింథును మాతృపురమని ఏల పిలిచిరి?
3. మీ యూరి పేరు చివరనున్న పురము, పాడు, పాలెము వంటి మాటకు అర్థము తెలిసికొని వ్రాయుము.