చలికాలమున ఇంజనుకు ఎట్టి గాలిదారి మేలు?



ఇంజనుకు రెండు మేతలు కలవు. ఒకటి చమురు, రెండవది గాలి. చమురును డబ్బిచ్చి కొందుము గనుక బొట్టు నేల జారినను బాధపడుదుము. గాలి ఊరకే లభించును గనుక అది ఏ దారిన లోనికి పోవుచున్నదో చూడము. కాని డీజిలు 1 కిలో పూర్తిగా మండుటకు సుమారు 14.5 కిలోల గాలి కావలెను. ఈ లెక్కన 1 లీటరు డీజిలుకు 10,000 లీటర్లకు పైగా గాలి పట్టును. 2 మీటర్ల ఎత్తు, 2 మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల పొడవు గల గది నిండుగా ఉండు గాలి యిది. గంటకు 4 లీటర్లు త్రాగు ట్రాక్టరు 8 గంటలు దున్నినచో, అట్టి గదులు కనీసము 32 ఖాళీ చేయుచున్నదన్నమాట. ఆ గాలిలోని దుమ్ము ఎక్కడికి పోవును? వడగట్టు సాధనము సరిగా లేనిచో నేరుగా సిలిండరులోనికే పోవును.

బజారునకు పోవుటకు ముందు

హైదరాబాదులో మూసీ ఒడ్డున నున్న అఫ్జల్‌గంజ్ పాత బజారు. 1857 నుండి 1869 వరకు పాలించిన నిజాము అఫ్జలుద్దౌలా పేరిట వెలసినది. నిజాము రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ 1932లో 27 బస్సులతో ఆరంభమైనది. మోటారు బండ్లు అప్పటినుండి ఈ నగరపు దుమ్మును పీల్చుచునే యున్నవి. జిల్లాలనుండి సామానుకై వచ్చు రైతులు అఫ్జల్‌గంజ్‌లో దిగి, ప్రక్కనున్న ఉస్మాన్‌గంజ్, బేగంబజారు వీధులలో తిరుగుట పరిపాటి.

ఒక రైతు అట్లు వచ్చి, దుకాణముదారునితో, "సేటూ, చలికి పొద్దుగాల ఇంజను స్టార్టయితలేదు. చలికాలానికి పనికొచ్చే గాలి డబ్బ ఏదన్న ఉంటే ఇయ్యి" అని అడిగెననుకొనుడు. సేటు ఏదో యొకటి చూపును, రైతు కొనును. ఇంటికి వచ్చి బిగించును. మరునాటి ఉదయము ఇంజను మరల మొరాయించును. తప్పు గాలి డబ్బాలో లేదు. చలికి ఇంజను ఎందులకు మొరాయించునో తెలియకుండ సామాను కొనుటలో ఉన్నది.

కావున మొదట చలి ఇంజనును ఏమి చేయునో తెలిసికొందము.

చలి చేయు మేలు, కీడు

చల్లని గాలి చిక్కగా నుండును. 40 డిగ్రీల సెంటిగ్రేడు వేడిగాలి కంటె 10 డిగ్రీల గాలి, అదే చోటులో, సుమారు పదవవంతు ఎక్కువ బరువుండును. ఎక్కువ గాలి లోనికి పోయినచో చమురు బాగుగా మండును. అనగా ఒకసారి వేడెక్కి నడుచుచున్న ఇంజనుకు చల్లగాలి మిత్రుడేగాని శత్రువు కాదు.

కీడు అంతయు స్టార్టు చేయునప్పుడే. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గు లేదు. పిస్టను గాలిని బిగించి నొక్కుటచే పుట్టు వేడికే చమురు అంటుకొనవలెను. గాలియు, ఇనుమును చల్లగా నున్నచో ఆ వేడి చాలదు. దానికితోడు ఇంజను ఆయిలు చిక్కబడి క్రాంకు బరువగును. బ్యాటరీ బలము తగ్గును. ఈ మూడును కలిసి ఉదయమున ఇంజనును మొండికెత్తించును.

ఆదిలాబాదు ప్రాంతమున డిసెంబరు, జనవరి నెలలలో తెల్లవారుజామున 10 డిగ్రీలకు తక్కువ చలి పడు రోజులు కలవు. చింతపల్లి, లంబసింగి, అరకు కొండలలో చలి ఇంకను హెచ్చు. ఐనను ఇది మంచు దేశములవారి చలి కాదు. అక్కడివారికి కావలసిన సాధనములన్నియు మనకు అక్కరలేదు.

కార్బురేటరు గల పాత పెట్రోలు జీపులు, కార్ల సంగతి కొంత వేరు. పెట్రోలు ఆవిరియగునప్పుడు చుట్టునున్న గాలి వేడిని లాగికొనును. అందుచే కార్బురేటరు లోపల చలి వెలుపటికంటె 20 డిగ్రీల వరకు హెచ్చవచ్చును. పొగమంచు పట్టిన తడిగాలియైనచో లోపల మంచు పేరుకొని గాలిదారి మూసికొనిపోవును. ఇందుకే కొన్ని పాత కార్ల గాలి డబ్బాకు వేసవికొకటి, శీతకాలమునకొకటి అని రెండు దారులుండును. శీతకాలపు దారి వేడి పొగగొట్టము ప్రక్కనుండి వెచ్చని గాలిని తెచ్చును. మీ బండికి అట్టి మీట ఉన్నచో చలి నెలలలో దానిని త్రిప్పుడు. చలి వెడలిన పిమ్మట మరచిపోక వెనుకకు మార్చుడు. లేనిచో వేసవిలో ఇంజను బలము తగ్గును.

మన శీతకాలపు అసలు శత్రువు

మన ప్రాంతమున చలికాలమనగా వానలు వెలిసి నేల ఆరిన కాలము. వరి నూర్పిడి, ప్రత్తి తీత, కంది కోతలు సాగు కాలము. గాలిలో పొట్టు, నూగు, మెత్తని మట్టి తేలుచుండును. ఈ మట్టిలోని ఇసుక రేణువులు ఇనుమును గీయగలవు. అవి ఆయిలుతో కలిసినచో నూరుడు ముద్దవలె లైనరును, పిస్టను రింగులను అరగదీయును. ఇంజను ఆయిలు త్రాగుట, నీలిపొగ విడుచుట, బలము తగ్గుట వీని లక్షణములు. అప్పు తీరకమునుపే ఇంజను బోరు పనికి వచ్చినచో ఆ సంవత్సరపు పంట లాభము వర్కుషాపు పాలగును.

కావున చలికాలమునకు గాలిదారి ఎన్నుకొనునప్పుడు "ఎంత వెచ్చన?" అను ప్రశ్నకంటె "ఎంత శుభ్రము?" అను ప్రశ్న ముఖ్యము.

ఏది ఎన్నుకొనవలెను?

ఆయిలు తొట్టి గల క్లీనరు: పాత ట్రాక్టర్లకు, జీపులకు ఇది సాధారణము. గాలి ఆయిలును తాకి, తీగల జల్లెడలో దుమ్మును వదలి లోనికి పోవును. కడిగి మరల మరల వాడుకొనవచ్చును. పొలమున ఖర్చు తక్కువ. చలికాలమున ఇందులో చిక్కని ఆయిలు పోసినచో అది గడ్డకట్టినట్లుండి జల్లెడను తడుపదు, దుమ్ము పట్టదు. ఇంజను పుస్తకములో ఆ కాలమునకు చెప్పిన ఆయిలునే పోయుడు. గీత దాటి పోయరాదు. ఎక్కువైన ఆయిలును ఇంజను పీల్చి, డీజిలు ఆపినను ఆగక విపరీత వేగముతో తిరిగి పగిలిపోవు ప్రమాదమున్నది.

కాగితపు జల్లెడ గల క్లీనరు: సన్నని దుమ్మును సైతము బాగుగా పట్టును. తడియైనచో పాడగును. నూర్పిడి చోట త్వరగా పూడిపోవును. కావున పొట్టును ముందే పట్టు పైగిన్నె గల రకము కొనుడు. అంచునున్న రబ్బరు మెత్తగా, చీలిక లేక యుండవలెను.

మీ ఇంజనుకు తయారుదారు ఏ రకము అమర్చెనో ఆ రకమునే కొనుట క్షేమము. బజారునకు పోవునప్పుడు పాత జల్లెడను, ఇంజను పేరు పలకమీది నంబరును వెంట తీసికొనిపొండు. చేతికి సరిపోయినట్లు కనబడినంత మాత్రమున చాలదు. అంచున వెండ్రుక దూరు సందు ఉన్నను దుమ్ము ఆ సందునుండియే పోవును.

కారుకు "చల్లగాలి గొట్టము" కొందురా?

పట్టణమున కొందరు యువకులు కారు గాలి డబ్బా తీసివేసి, బోర్లించిన గరాటు వంటి తెరపి జల్లెడ బిగించుచున్నారు. శబ్దము హెచ్చును. కాని బానెట్టు క్రింద దానిని తెరపిగా ఉంచినచో అది పీల్చునది చల్లగాలి కాదు, రేడియేటరు వేడిగాలి. గొట్టమును బంపరు క్రిందికి దించినచో చల్లగాలి వచ్చునుగాని నీరు కూడ వచ్చును. గాలివలె నీరు నొక్కుడుపడదు. సిలిండరులో నీరు చేరినచో కనెక్టింగ్ రాడ్డు వంగును. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద అఫ్జల్‌గంజ్‌ను ముంచెను. 2020 అక్టోబరులో నగర వీధులలో నీరు నిలిచి కార్లు మునిగినవి. నీరు వచ్చు ఊరిలో గాలిదారి ఎత్తున ఉండుటయే మేలు.

పెట్రోలును చిమ్ము పద్ధతి గల క్రొత్త కార్లకు చలికాలపు గొట్టము వేరుగా అక్కరలేదు. గాలి వేడిని కొలిచి తగినంత చమురు ఇచ్చు ఏర్పాటు అందులోనే యున్నది. ఆయిలు పూసిన గుడ్డ జల్లెడను మితిమీరి తడిపినచో ఆ కొలత సాధనము మైలపడి చెడును.

చేయరాని పని ఒకటి

చలి ఉదయమున గాలి డబ్బా మూత తీసి, మండుచున్న గుడ్డనో, కాగితమునో గాలిదారి వద్ద పెట్టి స్టార్టు చేయుట కొన్ని చోట్ల వాడుక. ఇది మానవలెను. నిప్పుకణికలు, బూడిద లోనికి పోవును. కాగితపు జల్లెడ అంటుకొనును. ప్రక్కనే డీజిలు ట్యాంకు, చేరువలో గడ్డివామి ఉన్న సంగతి మరువకుడు. గాలిదారికి గోనెగుడ్డ చుట్టుటయు తప్పే. గాలి చాలక నల్లపొగ వచ్చును, చమురు వృథాయగును.

దానికి బదులు బండిని రాత్రి పాకలో ఉంచుడు. చలికి తగిన పలుచని ఇంజను ఆయిలు పోయించుడు. బ్యాటరీ కొసలు శుభ్రపరచుడు. హీటరు ప్లగ్గు ఉన్నచో పుస్తకములో చెప్పినంత సేపు వేడిచేసి, పిమ్మట తాళము త్రిప్పుడు. చేతితో త్రిప్పు ఆయిలింజను యైనచో డీకంప్రెషను లీవరు ఎత్తి, కొన్ని చుట్లు సులువుగా త్రిప్పి, వేగము వచ్చిన పిమ్మట వదలుడు. స్టార్టయిన వెంటనే బరువు వేయక కొన్ని నిమిషములు నిదానముగా నడువనిండు.

ప్రతిదినము చూడవలసినవి

1. పైగిన్నెలోని దుమ్మును, పొట్టును పారబోయుడు.

2. నూర్పిడి దినములలో ఆయిలు తొట్టిని రోజూ విప్పి చూడుడు. ఆయిలు నల్లబడి చిక్కబడినను, అడుగున మట్టి పేరినను కడిగి క్రొత్త ఆయిలు పోయుడు. ఇంజను ఆపిన తరువాతనే విప్పవలెను.

3. కాగితపు జల్లెడను అరచేతిపై మెల్లగా తట్టుడు. పెట్రోలుతో కడుగరాదు. గాలి కొట్టినచో మెల్లగా లోపలినుండి బయటికి కొట్టవలెను. లోపల దీపము పెట్టి చూచినప్పుడు చుక్కవలె వెలుగు కనబడినచో అది చిల్లు. ఆ జల్లెడను పారవేయుడు.

4. క్లీనరునుండి ఇంజనుకు పోవు రబ్బరు గొట్టమును వంచి చూడుడు. చలికి, వయసుకు అది చీలును. ఈ చీలిక క్లీనరు తరువాత నున్నది గనుక అందుండి పోవు దుమ్మును ఆపునది మరేదియు లేదు. క్లిప్పులు బిగించుడు.

గ్రామాధికారులకు ఒక మనవి. నూర్పిడి మొదలగుటకు ముందు ఊరిలోని ట్రాక్టర్లను ఒక ఉదయమున ఒకచోట నిలిపించి, తెలిసిన మెకానిక్కుచే ఒక గాలి డబ్బాను రైతులయెదుట విప్పించి చూపించుడు. గిన్నె అడుగున పేరిన మట్టిని కండ్లార చూచిన రైతుకు వేరే ఉపన్యాసము అక్కరలేదు. ఆ మట్టి డబ్బాలో ఆగకున్నచో తన ఇంజనులోనికే పోయెడిదని అతడే గ్రహించును.