అంటువ్యాధి రోజుల్లో టికెట్టు రద్దు: ‘బహుమతి’ టికెట్ల రుసుముపై షరీఅత్ ఆదేశం

సకల స్తోత్రాలు సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై అల్లాహ్ శాంతి, శుభాలు కురిపించుగాక!

నమాజ్, రోజాల గురించి మస్‌అలాలు అడిగేవారు మనలో చాలామందే ఉన్నారు. ముఆమలాత్ గురించి, అంటే క్రయవిక్రయాలు, అద్దెలు, అప్పులు, ఒప్పందాల గురించి అడిగేవారు మాత్రం తక్కువ. అయితే ప్రళయదినాన మనం నమాజ్‌కు సమాధానం చెప్పుకోవలసినట్లే, జేబులోకి వచ్చిన ప్రతి రూపాయికీ సమాధానం చెప్పుకోవలసి ఉంది.

పలాస, టెక్కలి పట్టణాల నుండి, ఉద్దానం గ్రామాల నుండి ఉపాధి కోసం గల్ఫ్ దేశాలకు వెళ్లినవారు చాలామంది ఉన్నారు. తరచూ ప్రయాణించేవారి ఖాతాలో విమాన సంస్థలు పాయింట్లు జమ చేస్తాయి. అవి కొంత మేరకు పోగయ్యాక వాటితో టికెట్టు ఇస్తాయి. దీనినే మనవాళ్లు ‘ఫ్రీ టికెట్టు’ అంటారు. కొడుకు తన పాయింట్లతో తల్లిదండ్రులను ఉమ్రాకు పంపాలని టికెట్టు తీస్తాడు. అంతలో అంటువ్యాధి ప్రబలుతుంది, ప్రయాణం ఆగిపోతుంది. పాయింట్లు తిరిగి జమ చేయాలంటే రుసుము కట్టాలని సంస్థ అంటుంది. ఆ రుసుము తీసుకునే హక్కు సంస్థకు ఉన్నదా? దానిని తప్పించుకోవడానికి ప్రయాణికుడు ఎంతవరకు వెళ్లవచ్చు? మధ్యలో ఉన్న ఏజెంటు బాధ్యత ఏమిటి? ఈ మూడు ప్రశ్నలను ఈ పాఠంలో పరిశీలిద్దాం, ఇన్షా అల్లాహ్.

2020లో ఏం జరిగింది?

కరోనా కారణంగా 2020 ఫిబ్రవరి 27న సౌదీ ప్రభుత్వం విదేశీ ఉమ్రా యాత్రికుల రాకను నిలిపివేసింది. మార్చి 23 నుండి మన దేశానికి అంతర్జాతీయ విమానాలు, మార్చి 25 నుండి దేశీయ విమానాలు ఆగిపోయాయి. దేశీయ విమానాలు మే 25న తిరిగి మొదలయ్యాయి. మామూలు అంతర్జాతీయ సర్వీసులు మాత్రం 2022 మార్చి 27 వరకు పూర్తిగా తెరుచుకోలేదు. ఆ సంవత్సరం హజ్‌కు విదేశాల నుండి ఎవరూ వెళ్లలేకపోయారు. హజ్‌కు దరఖాస్తు చేసి సొమ్ము కట్టినవారికి ఎలాంటి కోత లేకుండా మొత్తం తిరిగి ఇస్తామని 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది.

విమాన టికెట్ల విషయంలో మాత్రం వివాదం చెలరేగింది. చాలా సంస్థలు నగదు ఇవ్వకుండా, మరోసారి ప్రయాణించేటప్పుడు వాడుకోండని ‘క్రెడిట్ షెల్’ పేరుతో సొమ్మును తమ దగ్గరే ఉంచుకున్నాయి. ఈ వ్యాజ్యంలో 2020 అక్టోబరు 1న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. లాక్‌డౌన్ కాలంలో, ఆ కాలపు ప్రయాణానికే తీసిన టికెట్ల సొమ్మును రద్దు రుసుము లేకుండా వెంటనే పూర్తిగా చెల్లించాలని, ఏజెంటు ద్వారా తీసిన టికెట్టు అయితే ఏజెంటు ఆ సొమ్మును వెంటనే ప్రయాణికునికి అందజేయాలని ఆదేశించింది. బహుమతి టికెట్ల విషయంలో కూడా ప్రపంచంలోని అనేక సంస్థలు ఆ రోజుల్లో పాయింట్లు తిరిగి జమ చేసే రుసుమును మాఫీ చేశాయి.

ఇది దేశ చట్టం చెప్పిన మాట. ఇక షరీఅత్ ఏం చెబుతుందో చూద్దాం.

టికెట్టు అంటే ఏమిటి?

ఫిఖహ్ దృష్టిలో టికెట్టు ‘ఇజారా’ ఒప్పందం. ఇజారా అంటే ఒక ప్రయోజనాన్ని నిర్ణీత ప్రతిఫలానికి ఇవ్వడం. పలాసలో ఆటో ఎక్కినా, విశాఖపట్నంలో విమానం ఎక్కినా ఒప్పందం ఒక్కటే: నన్ను ఫలానా చోటికి చేర్చు, నీకు ఇంత కిరాయి. ప్రయోజనం అందితేనే కిరాయి. చేర్చనివానికి కిరాయి లేదు.

ఇక పాయింట్ల సంగతి. ఉలమాలలో కొందరు వీటిని సంస్థ తన ఖాతాదారునికిచ్చే హిబా, అంటే కానుకగా పరిగణించారు. మరికొందరు, ఇవి మనం చెల్లించిన కిరాయిలోనే ఇమిడి ఉన్న రాయితీ అన్నారు. సొంత సొమ్ముతో, నిజమైన ప్రయాణం కోసం టికెట్టు కొన్నప్పుడు వచ్చిన పాయింట్లు ఈ రెండు అభిప్రాయాల ప్రకారమూ ధర్మసమ్మతమే. కంపెనీ సొమ్ముతో చేసిన ప్రయాణానికి వచ్చిన పాయింట్లను కంపెనీ అనుమతి లేకుండా సొంతానికి వాడుకోరాదు. వడ్డీ కట్టవలసి వచ్చే క్రెడిట్ కార్డుతో పాయింట్లు కూడబెట్టడం వేరే విషయం; దానికి దూరంగా ఉండాలి.

‘ఫ్రీ’ అని పిలిచినంత మాత్రాన ఆ టికెట్టులో సొమ్మేమీ లేదని అనుకోరాదు. పన్నులు, విమానాశ్రయ రుసుములు ప్రయాణికుడు నగదుగానే చెల్లిస్తాడు. ఉదాహరణకు ఒక సోదరుడు 40 వేల పాయింట్లతో పాటు 6 వేల రూపాయలు కట్టి టికెట్టు తీశాడనుకుందాం. అక్కడ పాయింట్ల లెక్క ఒకటి, రూపాయల లెక్క మరొకటి.

మొదటి స్థితి: విమానమే రద్దయినప్పుడు

సంస్థ విమానాన్ని నడపలేదు. కారణం ప్రభుత్వ ఆజ్ఞ కావచ్చు, వ్యాధి కావచ్చు. ప్రయోజనం మాత్రం ప్రయాణికునికి అందలేదు. కాబట్టి ఆ 40 వేల పాయింట్లూ, 6 వేల రూపాయలూ పూర్తిగా అతనివే. రుసుము పేరిట ఒక్క రూపాయి మినహాయించుకున్నా అది ప్రతిఫలం లేకుండా తీసుకున్న సొమ్ము. ఒకరి సొమ్మును మరొకరు అన్యాయంగా తినరాదని, పరస్పర అంగీకారంతో జరిగే వ్యాపారం మాత్రమే సమ్మతమని సూరె నిసా 29వ ఆయతులో అల్లాహ్ ఆజ్ఞాపించాడు.

నష్టం తన వల్ల రాలేదు కదా అని సంస్థ అనవచ్చు. దీనికి జవాబు ఉద్దానం రైతుకు సులభంగా బోధపడుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటి కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. చెట్టు మీది కాయలను బేరం చేసి సొమ్ము కట్టిన వ్యాపారికి, కాయ కోసుకోకముందే తోట కూలిపోతే ఆ సొమ్ము ఎవరిది? సహీహ్ ముస్లింలో హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన హదీసు ఇటువంటి సందర్భానికే సంబంధించినది. అమ్మిన పండ్లకు ఆపద వాటిల్లితే కొన్నవాని నుండి ఏమీ తీసుకోరాదని, హక్కు లేకుండా సోదరుని సొమ్మును ఎలా తీసుకుంటారని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఇమామ్ మాలిక్, ఇమామ్ అహ్మద్ (రహ్మతుల్లాహి అలైహిమ్) దీని ఆధారంగా నష్టాన్ని అమ్మినవానిపై మోపారు. మన హనఫీ ఫుఖహా దీనిని తప్పనిసరి ఆజ్ఞగా కాక, దయతో వదులుకోమనే బోధనగా గ్రహించారు. కాయల విషయంలో ఈ అభిప్రాయభేదం ఉన్నా, ప్రయోజనమే అందని ఇజారాలో కిరాయి లేదన్న సంగతి పైన చూశాం. చెట్టు చూపించి కాయ ఇవ్వనివాడూ, విమానం చూపించి ఎక్కించనివాడూ ఒక్కటే.

రెండవ స్థితి: ప్రయాణికుడే మానుకున్నప్పుడు

విమానం నడుస్తోంది, కాని ప్రయాణికుడు వెళ్లలేడు. ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధితో డయాలసిస్‌పై బతుకుతున్నవారు ఎందరో మనకు తెలుసు. అటువంటి వ్యక్తికి అంటువ్యాధి రోజుల్లో ప్రయాణం ప్రాణాపాయం కావచ్చు.

హనఫీ ఫిఖహ్‌లో ‘ఉజ్ర్’, అంటే సహేతుకమైన కారణం ఉంటే ఇజారాను రద్దు చేసుకోవచ్చు. మదరసా విద్యార్థులందరూ చదివే హిదాయా గ్రంథంలో ఇందుకు మన విషయానికి అతి దగ్గరి ఉదాహరణ ఉంది. ప్రయాణం కోసం ఒకడు పశువును కిరాయికి మాట్లాడుకున్నాడు, తర్వాత ప్రయాణం మానుకున్నాడు. అది ఉజ్ర్‌గా చెల్లుతుంది. అదే పశువును కిరాయికిచ్చినవాడు తాను ప్రయాణం మానుకున్నానంటే ఉజ్ర్ కాదు, ఎందుకంటే అతను తన మనిషినిచ్చి పశువును పంపగలడు. వందల ఏళ్ల క్రితం ఫుఖహా ప్రయాణికుని పక్షాన ఎంత మెత్తగా ఆలోచించారో చూడండి!

అయితే నేటి టికెట్టులో రద్దు షరతు ముందే రాసి ఉంటుంది, మనం దానిని అంగీకరించే కొంటాము. ఒప్పందాలను నెరవేర్చాలని సూరె మాయిదా మొదటి ఆయతు ఆజ్ఞ. అందువల్ల నేటి ఉలమాలలో పలువురు, రద్దు వల్ల సంస్థకు నిజంగా అయిన ఖర్చు మేరకు రుసుము తీసుకోవచ్చని అన్నారు. పాయింట్లు తిరిగి జమ చేయడమూ ఒక పనే, దానికి తగిన కూలి సమ్మతమే. కాని ఖర్చుకు మించి జరిమానాలా లాగడం ధర్మం కాదు. ప్రభుత్వం కోసమని, విమానాశ్రయం కోసమని వసూలు చేసిన పన్ను సంస్థ దగ్గర అమానతు. ప్రయాణమే జరగనప్పుడు దానిని ఉంచుకోవడం అమానతులో ద్రోహం. మన దేశ విమానయాన శాఖ నిబంధనలు కూడా 2016 ఆగస్టు 1 నుండి, రాయితీ టికెట్లతో సహా, ఈ పన్నులను తిరిగి ఇవ్వాలని నిర్దేశించాయి. ఇది తెలియక చాలామంది తమ సొమ్మును అడగనే అడగరు. హక్కును మర్యాదగా అడగడం పిసినారితనం కాదు.

అంటువ్యాధి వంటి ఆపదలో పూర్తిగా మాఫీ చేయడం మరింత ఉత్తమం. బేరం వద్దనుకున్నవాని నుండి సరుకును వెనక్కి తీసుకునేవాని తప్పులను అల్లాహ్ మన్నిస్తాడన్న శుభవార్త అబూ దావూద్, ఇబ్నె మాజా హదీసులలో ఉంది.

క్రెడిట్ షెల్‌పై పెరిగిన విలువ

పైన చెప్పిన తీర్పు ప్రకారం, సొమ్ము వెంటనే ఇవ్వలేని దేశీయ సంస్థలు లాక్‌డౌన్‌కు ముందు తీసిన టికెట్ల విలువను 2021 మార్చి 31 వరకు క్రెడిట్ షెల్‌గా ఉంచవచ్చు. 2020 జూన్ 30 వరకు నెలకు అర శాతం, ఆ తర్వాత నెలకు ముప్పావు శాతం చొప్పున ఆ విలువ పెరిగేది. 20 వేల రూపాయల టికెట్టుపై మొదట నెలకు 100, తర్వాత నెలకు 150 రూపాయలు.

ఇది ప్రయాణికునికి ఊరట కోసం చేసిన ఏర్పాటే. అయినా తిరిగి ఇవ్వవలసిన సొమ్ము అప్పుతో సమానం. అప్పు ఆలస్యమైనందుకు కాలాన్ని లెక్కగట్టి ఇచ్చే అదనం వడ్డీని పోలి ఉంటుంది. కాబట్టి అసలు మాత్రం ఉంచుకుని, అదనంగా వచ్చినదానిని పుణ్యం ఆశించకుండా పేదవారికి ఇచ్చివేయడమే జాగ్రత్త అని మా అభిప్రాయం. అప్పుడే వాడేసినవారు అంచనా కట్టి ఇచ్చినా సరిపోతుంది.

ఏజెంటు సోదరులకు ఒక మాట

అసలు పరీక్ష ఇక్కడే ఉంది. విమాన సంస్థ మనకు దూరం. ఏజెంటు మన ఊరివాడు, మన మస్జిదులో మన పక్కన నిలబడేవాడు. సంస్థ నుండి సొమ్ము మొత్తం తిరిగి వచ్చినా, ‘క్యాన్సిలేషన్ కట్ అయింది’ అని చెప్పి కొంత తన దగ్గర ఉంచుకుంటే అది అబద్ధం, దొంగతనం రెండూ అవుతాయి. టికెట్టు తీసినందుకు ముందే మాట్లాడుకున్న కూలి అతనిది, అది హలాల్. లేని రుసుమును సృష్టించడం హరామ్. పాయింట్లు కస్టమరు ఖాతాకు కాక తన ఖాతాకు మళ్లించుకోవడమూ ఇంతే.

అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించాలని సూరె నిసా 58వ ఆయతు ఆజ్ఞాపిస్తోంది. 2020 నాటి బాకీ ఏదైనా మిగిలి ఉంటే ఇప్పటికైనా తీర్చాలి. ఏళ్లు గడిస్తే హక్కు చెరిగిపోదు. హక్కుదారుడు చనిపోయి ఉంటే వారసులకు ఇవ్వాలి. ఎంత వెదికినా దొరకకపోతే అతని తరఫున సదఖా చేయాలి. ఏజెంటే నిజంగా ఇబ్బందుల్లో ఉంటే దాచకుండా చెప్పి గడువు అడగాలి. ఇబ్బందిలో ఉన్న బాకీదారునికి గడువివ్వడం సూరె బఖరా 280వ ఆయతు నేర్పిన మర్యాద.

రుసుము మిగిలించి రోగం మోసుకురాకండి

ప్రయాణికునికి ఒక హెచ్చరిక. రుసుము తప్పించుకోవడానికి తప్పుడు డాక్టరు సర్టిఫికెట్టు తీసుకోవడం అబద్ధపు సాక్ష్యం. మిగిలేది కొద్ది రూపాయలు, పోయేది ఈమాన్ వెలుగు. అంతకంటే ఘోరం, టికెట్టు వృథా అవుతుందని జ్వరం దాచుకుని విమానం ఎక్కడం.

అంటువ్యాధి ఉన్న చోటికి వెళ్లవద్దని, మనమున్న చోట వస్తే అక్కడి నుండి పారిపోవద్దని దైవప్రవక్త (స) ఉపదేశించారు. హజ్రత్ ఉమర్ (రజి) సిరియా ప్రయాణంలో సర్గ్ అనే చోటికి చేరాక అక్కడ ప్లేగు ఉందని తెలిసింది. ఆయన సహచరులతో సంప్రదించి వెనుదిరిగారు. అల్లాహ్ విధివ్రాత నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగితే, అల్లాహ్ విధివ్రాత నుండి అల్లాహ్ విధివ్రాత వైపుకే వెళుతున్నామని జవాబిచ్చారు. ఒక ఖలీఫా, అంత పరివారంతో, అంత దూరం వచ్చి, ప్రయాణ ఖర్చును లెక్కచేయలేదు. మనం కొన్ని వేల రూపాయల రుసుము కోసం వ్యాధిని మన ఊరికి మోసుకురావడం న్యాయమా? ఉద్దానంలో మూత్రపిండాల రోగి లేని వీధి అరుదు. ఆరోగ్యవంతునికి నాలుగు రోజుల జ్వరం అటువంటివారికి మృత్యువు కావచ్చు. మనం మిగిల్చుకున్న రుసుము పక్కింటివారి ప్రాణం ఖరీదు కారాదు.

పాఠ సారాంశం

విమానం రద్దయితే పాయింట్లూ, సొమ్మూ పూర్తిగా ప్రయాణికునివే. ప్రయాణికుడే మానుకుంటే న్యాయమైన ఖర్చు మేరకు రుసుము చెల్లించాలి. పన్నులు మాత్రం తిరిగి పొందే హక్కు ఉంది. ఏజెంటు తన చేతికి వచ్చినదంతా అప్పగించాలి. రుసుము భయంతో ఎవరూ అబద్ధం ఆడరాదు, రోగాన్ని దాచరాదు. ఇక ఉమ్రా కోసం సంకల్పించి ఆగిపోయినవారు బాధపడనవసరం లేదు. హిజ్రీ 6వ సంవత్సరంలో హుదైబియా వద్ద దైవప్రవక్త (స), సహాబాలు కూడా కాబా దర్శనం కాకుండానే తిరిగి వచ్చారు. టికెట్టు రద్దు కావచ్చు, మంచి సంకల్పానికి అల్లాహ్ వద్ద ప్రతిఫలం రద్దు కాదు.

హలాల్ సంపాదనతో తృప్తిపడే భాగ్యాన్ని, ఇతరుల హక్కులను తీర్చే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్. వల్లాహు ఆలమ్.