గీజరు క్రింద తడి



చలి దేశములలో ఇంటి గదులన్నియు వెచ్చగా నుండుటకు బాయిలరు పెట్టుకొందురు. మన ఇబ్రహీంపట్నము ప్రాంతములో స్నానపు నీళ్లు కాగిన చాలును. వెనుకటి రాగి బాయిలరు కారినయెడల బూడిద తడిసి పొగ వచ్చెడిది. మాటు వేయించిన సరిపోయెడిది. ఇప్పుడు అనేకుల యిండ్లలో నున్న గీజరు సంగతి అట్లు కాదు. అందులో నీళ్లును కరెంటును ఒక్కచోటనే యున్నవి.

కావున తడి కనబడగానే చేయి పెట్టి చూడరాదు. మొదట మెయిన్ స్విచ్చి ఆపవలెను. గోడ స్విచ్చి ఒక్కటి ఆపుట చాలదు. వైరింగు తారుమారైన యిండ్లలో అది న్యూట్రల్ తీగను మాత్రమే తెంచును, కరెంటు లోపల నట్లే నిలిచియుండును. కుళాయి ముట్టినప్పుడు చేయి జిల్లుమనినయెడల “కొంచెమే గదా” అని ఊరకుండి పిల్లలను స్నానమునకు పంపకుడి. అట్టి కొంచెమే తడి నేలమీద ప్రాణము తీయును.

మెయిన్ ఆపిన తరువాత పొడిగుడ్డతో అంతయు తుడిచి, చుక్క ఎచ్చట పుట్టుచున్నదో కనిపెట్టవలెను. పడుచోటు వేరు, పుట్టుచోటు వేరు. పైపు అతుకులకు పొడి కాగితము చుట్టి చూడుడి. నీళ్లు చల్లగా నున్నప్పుడును కాగితము తడిసిన, తప్పు అతుకుదే.

సేఫ్టీ వాల్వు విషయములో చాలమంది పొరపడుదురు. నీళ్లు కాగినప్పుడు పెరుగును. 25 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుండి 60 డిగ్రీలకు కాగినయెడల రమారమి 350 మిల్లీలీటర్లు ఎక్కువగును. వెనుకకు పోవు దారి లేనప్పుడు ఆ నీళ్లు వాల్వునుండియే రావలెను. కాగునప్పుడు మాత్రమే చుక్కలు పడుట రోగము కాదు. దానికి బిరడా కొట్టినవాడు ఇంటిలో బాంబు పెట్టుకొనినట్లే. చల్లగా నున్నప్పుడును ఆగక కారినయెడల లోపల సున్నపు పెచ్చు అడ్డుపడి యుండవచ్చును, వాల్వు మార్పించవలెను.

క్రింది మూతలో, తీగలు చేరుచోట, తెల్లని చారలతో తడి కనబడినయెడల రబ్బరు గ్యాస్కెట్టు చెడినదని తలంచవచ్చును. మా యెరుకలోని ఒక తల్లికి “టాంకు పగిలినది, క్రొత్తది కొనవలసినదే” అని చెప్పిరి. మూత విప్పి చూడగా గ్యాస్కెట్టు ఒక్కటే ఎండి బీటలు వారినది. అయితే అతుకులు, గ్యాస్కెట్టు, వాల్వు బాగుగానే యుండి, పై డొప్ప సందులనుండి తుప్పు నీళ్లు కారినయెడల టాంకే చెడినది. దానికి మందు లేదు. ఎఱ్ఱనీళ్లు వేడి కుళాయిలో మాత్రమే వచ్చిన తప్పు గీజరుది. రెండు కుళాయిలలోను వచ్చిన బోరుదో పైపుదో.

ఇదంతయు ఎందుకు వచ్చుచున్నది? మన బోరు నీళ్లలో పప్పు త్వరగా ఉడకదు, సబ్బు నురుగు రాదు. అట్టి నీళ్లు కాగినప్పుడు అందులోని సున్నము విడిపడి హీటింగు కాయిలుకు పెచ్చుగా పట్టును. కాయిలు వేడి బయటికి పోక తానే మాడి చిట్లును. చిట్లినచోట నీళ్లు చొరబడి కరెంటు నీళ్లలోనికి దిగును. కాగునప్పుడు టపటప చప్పుడు వచ్చుట, వెనుకటికంటె ఆలస్యముగా కాగుట పెచ్చు పట్టినదనుటకు గురుతులు. యెరికో ఊరి నీళ్లను ఎలీషా ఉప్పు వేసి బాగుచేసెనని చదువుచున్నాము గాని, మన గీజరులో ఉప్పు వేసిన తుప్పు హెచ్చును!

టాంకులో మెగ్నీషియం కడ్డీ యొకటి యుండును. తుప్పు టాంకును తినకుండ ముందుగా అదే కరిగిపోవును. అది అయిపోయిన దినమునుండి తుప్పు టాంకుమీద పడును. కావున ఏడాదికొకసారి, చలికాలము రాకమునుపే, తెలిసిన మేస్త్రిచేత మూత విప్పించి, పెచ్చు తీయించి, కడ్డీని చూపించుకొనుడి. సన్నబడినయెడల మార్పించుడి. అదే దినమున ఎర్తు తీగ నిజముగా భూమికి చేరినదో లేదో పరీక్షింపుమని కూడ అతనితో చెప్పుడి.