నేరం చదవాలంటే ముందు సమాజం చదవాలి

ఇంటర్ పూర్తిచేసిన పిల్లలు ‘నేరాల గురించి చదవాలనుంది’ అంటే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇళ్లలో వినబడే జవాబులు రెండే. ఒకటి, ‘అయితే ఎస్ఐ కోచింగ్‌లో చేరు.’ రెండోది, ‘ఫోరెన్సిక్ సైన్స్‌కు డిమాండ్ బాగుందట, హైదరాబాద్‌లో సీటు చూద్దాం.’ మొదటిది ఖాకీ మీద మోజు, రెండోది వెబ్ సిరీస్‌లు పుట్టించిన మోజు. పోలీసు నిందితుణ్ని పట్టుకుంటాడు. ఫోరెన్సిక్ నిపుణుడు వేలిముద్రనో రక్తపు మరకనో పరీక్షిస్తాడు. ఏ పనిని నేరమనాలని ఎవరు నిర్ణయిస్తారు, ఒకే తప్పుకు ఒకరి మీద కేసు అయి ఇంకొకరి మీద ఎందుకు కాదు, ఒకే రకం మోసం ఒకే ప్రాంతంలో మళ్లీ మళ్లీ ఎందుకు జరుగుతుంది అనే ప్రశ్నలు వాళ్ల పని పరిధిలోకి రావు. వాటినే పనిగా పెట్టుకున్న చదువు సోషియాలజీ. నేరాన్నీ, సమాజం తప్పుపట్టే నడవడినీ పరిశీలించడం అందులో ఓ పెద్ద విభాగం. ఈ మూడు ఊళ్ల పిల్లలు ఆ చదువుకు ఇప్పటికే సగం సిద్ధమై ఉన్నారని నా వాదన. ఎందుకో ఈ ప్రాంతపు చరిత్రే చెబుతుంది.

1978 సెప్టెంబరు 7న రైతుకూలీలు జగిత్యాలలో జరిపిన భారీ ప్రదర్శనను ఇప్పటికీ జైత్రయాత్ర అంటారు. మరుసటి నెలలోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. వెట్టిచాకిరీని నేరం చేసిన చట్టం 1976లోనే వచ్చింది. అంటే కాగితం మీద రెండేళ్లుగా నేరం చేస్తున్నది వెట్టి చేయించుకుంటున్న దొర. ఊరికి మాత్రం అది నేరంగా కాక ఆనవాయితీగానే కనబడింది. కూలీలు వెట్టి మానేసి గడీకి ఎదురు తిరిగాకే ప్రాంతమంతా కల్లోలితమైంది. రాజకీయంగా ఎవరిది ఒప్పన్న తగవులోకి దిగకుండానే విద్యార్థి ఇక్కడ ఒక ప్రశ్న వేయవచ్చు: చట్టంలో ఉన్న నేరం ఊళ్లో ఎందుకు నేరం కాలేదు? అమెరికా సోషియాలజిస్టు హోవార్డ్ బెకర్ 1963లో ‘అవుట్‌సైడర్స్’ పుస్తకంలో పట్టుకున్నది ఈ కొసనే. ఒక పని తప్పా కాదా అన్నది ఆ పనిని బట్టి మాత్రమే తేలదని, నియమం పెట్టగలిగినవాళ్లు, ముద్ర వేయగలిగినవాళ్లు ఎవరన్నదీ చూడాలని ఆయన వాదించాడు. ఇందుకు ఆయన గంజాయి తాగేవాళ్లను, డ్యాన్స్ బ్యాండ్ల వాద్యకారులను పరిశీలించాడు. జగిత్యాల విద్యార్థి ఇంట్లో తాతనో పక్కింటి పెద్దమనిషినో అడిగి మొదలుపెట్టవచ్చు.

సిరిసిల్ల ఉదాహరణ ఇంకా లోతైనది. 1990ల చివరి నుంచి మరమగ్గాల కార్మికుల ఆత్మహత్యలతో ఈ ఊరి పేరు దేశమంతా వినబడింది. ఆత్మహత్యాయత్నం మన దేశంలో చాలాకాలం శిక్షించదగ్గ నేరం. అలాంటి స్థితిలో ఉన్న మనిషిని తీవ్ర ఒత్తిడికి లోనైనవాడిగా చూడాలని, శిక్షించరాదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పింది. నేరాల జాబితా కాలాన్నిబట్టి మారుతుందనడానికి ఇంతకంటే దగ్గరి రుజువు అక్కర్లేదు. ఇక లెక్కలు ఎలా పుడతాయో చూడండి. పోలీసులు పంచనామా చేసి, ఇంటివాళ్లను అడిగి కారణం రాసుకుంటారు. ఊరూరా అలా రాసుకున్నవే జాతీయ నేర గణాంక సంస్థ ఏటా వెలువరించే నివేదికలో గడులవుతాయి. దేశం మొత్తం మీద ఆ పట్టికలో ముందు వరుసలో ఉండేవి కుటుంబ సమస్యలు, అనారోగ్యం. ఇప్పుడు సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసే కార్మికుడిని తీసుకోండి. నూలు ధర పెరిగింది, నేసిన గుడ్డ అమ్ముడుపోలేదు. యజమాని తన కింద సాంచాలు నడిపే ఆసామికి నూలు బీములు ఇవ్వలేదు, ఆసామి కార్మికుడికి పని ఇవ్వలేదు. కూలి ఆగిపోయింది గానీ వారం వారం కట్టాల్సిన అప్పు ఆగలేదు. ఇంట్లో గొడవలు, తాగుడు మొదలయ్యాయి. చిట్టచివర కనబడింది గొడవ కాబట్టి కుటుంబ సమస్య అని రాసేయడం తేలిక. అలా రాస్తే నూలు ధర, కరెంటు బిల్లు, అప్పు పట్టికలోంచి జారిపోతాయి. ఎమీల్ దుర్కైమ్ 1897లో ఆత్మహత్యల మీద రాసిన గ్రంథం ఇలాంటి అధికారిక లెక్కల ఆధారంగానే నిలబడింది. 1967లో జాక్ డగ్లస్ ఆ లెక్కలు రాసిందెవరు, ఏమనుకుని రాశారు అని నిలదీశాడు. ఈ ఇద్దరి తగవును ఎక్కడో చదువుకున్న విద్యార్థికి అది సిద్ధాంతం. సిరిసిల్ల విద్యార్థికి తన ఊరి బీవై నగర్‌లోకి వెళ్లి అడిగి తెలుసుకోగల విషయం.

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల వైపు గల్ఫ్ వలస ఉంది. 1983 వలస చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేని ఏజెంటు మనుషులను పనికి పంపడం నేరం. రిజిస్ట్రేషన్ ఉన్నవాడు తీసుకోదగ్గ రుసుము కూడా గరిష్ఠంగా 30 వేల రూపాయలు, ఆపైన జీఎస్‌టీ. అయినా దానికి రెట్టింపులు కట్టి, విజిట్ వీసా మీద విమానం ఎక్కేవాళ్లున్నారు. వాళ్లు తెలివితక్కువవాళ్లేమీ కాదు. ఏజెంటు చాలాసార్లు తెలిసినవాడు, తానూ ఒకప్పుడు దుబాయి పోయొచ్చినవాడు, బంధువులు మంచివాడని చెప్పినవాడు. మోసం ఆ నమ్మకం దారిలోనే వస్తుంది. గల్ఫ్‌కు చేరాక కఫీల్‌ను (వీసా ఇచ్చిన యజమానిని) వదిలి వేరేచోట పనికి పోతే మనిషి ఖల్లివల్లి, అంటే సరైన పత్రాలు లేనివాడు, అయిపోతాడు. ఇక్కడ పని మానేయడం ఇష్టానికి సంబంధించిన సంగతి, అక్కడ జైలుకు పంపగల సంగతి. ఈమధ్య దారి కంబోడియా వైపు మళ్లింది. ఉద్యోగమని వెళ్లి సైబర్ మోసాల ముఠాకు చిక్కిన యువకుడి కేసు 2024లో సిరిసిల్ల పోలీసుల దాకా వచ్చింది. అక్కడ మనవాళ్లతో బలవంతంగా మోసాలు చేయిస్తారు. డబ్బు పోగొట్టుకున్నవాడి లెక్కలో అతడు దొంగ, కన్నతల్లి లెక్కలో బందీ. ఎడ్విన్ సదర్లాండ్ నేరప్రవృత్తి పుట్టుకతో రాదని, దగ్గరివాళ్ల సాంగత్యంలో నేర్చుకునేదని అన్నాడు. ఆ మాట ఇలాంటి బలవంతపు మోసానికి ఎంతవరకు వర్తిస్తుందో తేల్చడం ఒక పీహెచ్‌డీకి సరిపోయే పని.

ఇంత ముడిసరుకు గుమ్మం ముందు పెట్టుకుని తల్లిదండ్రులు డబ్బు ఎక్కడ పోస్తున్నారో చూస్తే విసుగొస్తుంది. ఫోరెన్సిక్ సైన్స్ నిజంగా విలువైన చదువే. కానీ అది కెమిస్ట్రీ, బయాలజీ ఇష్టపడే పిల్లలకు. పార్లమెంటు 2020లో చేసిన చట్టంతో ఏర్పడ్డ జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ లాంటి చోట సీటు వస్తే సంతోషం. ప్రైవేటు కాలేజీలో లక్షలు కట్టే ముందు మాత్రం ల్యాబ్ తెరిచి చూపించమనండి. గత బ్యాచ్ వాళ్లు ఇప్పుడు ఏ ఉద్యోగాల్లో ఉన్నారో అడగండి. ‘క్రిమినల్ సైకాలజీ’, ‘సైబర్ ఇన్వెస్టిగేషన్’ అంటూ కొన్ని వారాల్లో చేతికొచ్చే ఆన్‌లైన్ సర్టిఫికెట్ల విషయంలో ఒక్క ప్రశ్న చాలు: దీన్ని అర్హతగా అడిగిన నోటిఫికేషన్ ఏది? చూపించలేకపోతే లేచి వచ్చేయండి. ఎస్ఐ కోచింగ్‌ది ఇంకో కథ. తెలంగాణలో పోలీసు నియామకాల నోటిఫికేషన్ 2018లో ఒకటి వచ్చాక మళ్లీ 2022లో గానీ రాలేదు. ఆ మధ్య నాలుగేళ్లు హాస్టల్ అద్దెలు, మెటీరియల్ ఖర్చులు, టెస్ట్ సిరీస్ ఫీజులు ఎవరు భరించారు? బీడీలు చుట్టిన తల్లి, అప్పుతెచ్చి పంపిన తండ్రి. పరుగులో ఒక్క సెకను తేడాతో పోయిన పిల్లాడిని ‘నీకు పట్టుదల లేదు’ అనడం అన్యాయం. యూనిఫాం మీద నిజంగా ఇష్టమున్నవాళ్లు ప్రయత్నించాల్సిందే, కాకపోతే డిగ్రీ చదువుతూ, గడువు పెట్టుకుని. నేరం గురించి తెలుసుకోవాలన్న కుతూహలాన్ని మాత్రం ఖాకీ కొలతలతో కొలవకండి.

నేను మొగ్గేది చవకైన, నెమ్మదైన దారికి. ఇంటర్ ఏ గ్రూపైనా డిగ్రీ ప్రవేశాల పోర్టల్ దోస్త్ ద్వారా సోషియాలజీ ఉన్న బీఏ, తర్వాత పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్‌తో ఉస్మానియా, కాకతీయ, శాతవాహన, లేదా సీయూఈటీ పీజీతో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం. అర్హతల సంగతి అంతే. ముంబైలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ (టిస్)లోనూ, మద్రాసు విశ్వవిద్యాలయంలోనూ నేరశాస్త్రానికి ప్రత్యేక విభాగాలున్నాయి, పీజీ దశలో అటు వెళ్లవచ్చు. డిగ్రీలోనే నేరశాస్త్రమన్న పేరు కోసం పరుగెత్తడం వద్దు. కుటుంబం, కులం, పని, వలస ఎలా నడుస్తాయో తెలియకుండా నేరాన్ని చదవడం కండె పెట్టకుండా సాంచా తిప్పడమే. బీఏ మూడేళ్లలో రెండు పనులు గట్టిగా నేర్చుకోవాలి. ఒకటి స్టాటిస్టిక్స్. పట్టిక చూసి భయపడే సోషియాలజీ విద్యార్థి సగం దారిలో ఆగిపోతాడు. రెండోది మనుషులతో మాట్లాడి, విన్నది విన్నట్టు తెలుగులో రాసుకోవడం, చెప్పినవాళ్ల పేర్లు బయటపెట్టకపోవడం. ఇంగ్లిష్ చదవడం అలవాటు కావాల్సిందే, కానీ సాంచాల మాట, బీడీ టేకేదారు మాట, గల్ఫ్ మాట తెలిసిన పరిశోధకుడికి ఉండే పట్టు ఏ స్పోకెన్ ఇంగ్లిష్ సంస్థా నేర్పలేదు.

‘ఇదంతా బాగుంది, ఉద్యోగమేది?’ అన్న ప్రశ్న న్యాయమైనదే. నేర సోషియాలజిస్టు అనే బోర్డుతో ప్రభుత్వ పోస్టు లేదు, ఉందని ఎవరైనా అంటే నమ్మకండి. ఈ చదువు పనికొచ్చే చోట్లు మాత్రం ఉన్నాయి. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం ప్రతి జువెనైల్ జస్టిస్ బోర్డులో మేజిస్ట్రేట్‌తో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చుంటారు. వృత్తిలో ఉన్నవాళ్లకు ఉండదగ్గ అర్హతల్లో సోషియాలజీ డిగ్రీని ఆ చట్టమే పేరుపెట్టి చెప్పింది. నేరారోపణ ఎదుర్కొనే ప్రతి బాలుడి గురించి ప్రొబేషన్ అధికారి సామాజిక పరిశోధన నివేదిక రాయాలి: ఇంట్లో ఎవరున్నారు, బడి ఎందుకు మానేశాడు, స్నేహితులెవరు, పనికి పోయాడా, కూలి ఎవరి చేతికిచ్చేవాడు. ఆ నివేదికను మనసుపెట్టి రాస్తే పిల్లాడి బతుకు ఒక దారిన పడుతుంది, మొక్కుబడిగా గడులు నింపితే ఇంకో దారిన పడుతుంది. జిల్లా బాలల పరిరక్షణ విభాగాల్లో ఇలాంటి ఉద్యోగాలు చాలావరకు కాంట్రాక్టువి, జీతాలు గొప్పవేమీ కాదు. అది తెలిసే దిగాలి. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ వస్తే నెలకు 37 వేల రూపాయల ఫెలోషిప్‌తో పరిశోధన చేయవచ్చు. సివిల్స్‌లో సోషియాలజీ ఐచ్ఛికాంశం. గ్రూప్-1 మెయిన్స్‌లో ఒక పేపరులో భారత సమాజం ఒక భాగం. మూడేళ్లు ఇష్టంగా చదివినవాడికి ఆ సోషియాలజీ భాగాల కోసం విడిగా కోచింగ్ అక్కర్లేదు.

ఇంకో అభ్యంతరం మర్యాదస్తుల ఇళ్లలో వినబడుతుంది. నేరానికి కారణాలు వెతకడం నేరగాళ్లను వెనకేసుకు రావడమేనని, అందులోనూ ఆడపిల్లకు ఈ గోల ఎందుకని. కారణం చెప్పడం వేరు, క్షమించడం వేరు. దొంగ ఏజెంటుకు శిక్ష పడాలి, అందులో రెండో మాట లేదు. కానీ ఒకడు జైలుకు పోయిన వాడలోనే కొన్నాళ్లకు ఇంకొకడు పాస్‌పోర్టులు పోగుచేస్తున్నాడంటే, శిక్షతో పాటు తెలుసుకోవాల్సింది ఇంకా మిగిలి ఉందనే. ఇక ఆడపిల్లల సంగతి. గృహహింస, వరకట్న వేధింపులు, పసిపిల్లల మీద అఘాయిత్యాల విషయంలో బాధితులు నోరువిప్పేది ఎక్కువగా మరో స్త్రీ దగ్గరే. బాధిత మహిళలకు, పిల్లలకు సాయపడే సఖి, భరోసా లాంటి కేంద్రాలకు కావాల్సింది అలా వినడం నేర్చిన చదువరులే.

కాబట్టి తల్లిదండ్రులకు చెప్పేది ఒకటే. పిల్లలు ఈ సబ్జెక్టు మాటెత్తితే ఫీజు కట్టడానికి తొందరపడకండి, ఒక వేసవి సెలవులు ఇవ్వండి. ఆసాములతోనో, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లతోనో, బీడీ కార్మికులతోనో మాట్లాడి పది పేజీలు రాయమనండి. ఆ పది పేజీలూ రాశాక పదకొండో పేజీ తనంత తానుగా మొదలుపెట్టే పిల్లను ఎస్ఐ కోచింగ్‌కు తోలకండి, బీఏలో చేర్పించండి. మూడో పేజీకే విసుగెత్తితే ఇంకో చదువు చూసుకోవచ్చు. పోయింది ఒక నోటుబుక్కు ఖర్చే.