గ్రామ పంచాయతీలకు గ్రాంట్లు: షరతులు, వాటి ప్రయోజనము

గ్రామ ప్రజల ఆరోగ్యమునకు పునాది ఆసుపత్రిలో కంటె ముందుగా వీధిలోనే పడును. త్రాగు నీరు, మురుగు పోవు కాలువ, మరుగుదొడ్డి, చెత్త వేయు చోటు - ఈ నాలుగును సరిగా ఉన్న ఊరిలో అతిసారము, టైఫాయిడు, కామెర్లు, నులిపురుగులు మొదలగు వ్యాధులు చాల వరకు తగ్గిపోవును. రాజ్యాంగమునందలి పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగినవిగా 29 విషయములు పేర్కొనబడినవి. వానిలో త్రాగు నీరు, ఆరోగ్యము, పారిశుధ్యము, కుటుంబ సంక్షేమము, స్త్రీ శిశు అభివృద్ధి చేరియున్నవి.

ఈ పనులకు కావలసిన ధనమును కేవలము ఇంటి పన్ను, నీటి పన్నులతో సమకూర్చుకొనగల పంచాయతీలు తక్కువ. అందుచే ప్రభుత్వములు గ్రాంట్లు ఇచ్చుచున్నవి. గ్రాంటుతో పాటు కొన్ని షరతులును వచ్చును. వీనిని కార్యాలయములవారు కల్పించిన చిక్కులుగా తలచువారు కలరు. కాని షరతు నెరవేరక గ్రాంటు ఆగిపోయినచో, ఆ ఫలితమును అనుభవించునది క్లోరిన్ కలుపని నీటిని త్రాగు పసిబిడ్డ. కావున ఈ షరతులేవో, అవి ఎందుకు ఏర్పడినవో సర్పంచియు కార్యదర్శియు మాత్రమే గాక, గ్రామస్థులందరును తెలిసికొనుట మేలు.

గ్రాంటు వచ్చు త్రోవ

మన దేశమున సమాజ వికాస పథకము 1952 అక్టోబరు 2వ తేదీన 55 ప్రాజెక్టులతో ప్రారంభమైనది. అధికారుల ద్వారా నడచిన ఆ పథకములో ప్రజల పాత్ర చాలినంతగా లేదని 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘము గుర్తించి, ఎన్నికైన మూడంచెల పంచాయతీ వ్యవస్థను సూచించినది. 1959లో రాజస్థానును, వెంటనే ఆంధ్ర ప్రదేశును ఆ వ్యవస్థను చేపట్టినవి. 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించినది. పంచాయతీల వనరులను పెంపొందించుటకు తగిన సూచనలు చేయుట కేంద్ర ఆర్థిక సంఘము విధులలో నొకటి యైనదియు ఆ సవరణ వలననే.

15వ ఆర్థిక సంఘము 2021-22 నుండి 2025-26 వరకు గల ఐదేండ్లకు స్థానిక సంస్థలకు మొత్తము 4,36,361 కోట్ల రూపాయల గ్రాంట్లు సిఫారసు చేసినది. అందులో గ్రామీణ సంస్థల వాటా 2,36,805 కోట్లు. ఇది గాక, ఉప కేంద్రములకు భవనములు, రోగ నిర్ధారణ సౌకర్యములు, బ్లాకు స్థాయి ప్రజారోగ్య విభాగములు మొదలగు వానికై స్థానిక సంస్థల ద్వారా 70,051 కోట్ల ఆరోగ్య గ్రాంటు నిర్ణయింపబడినది. గ్రామీణ సంస్థల ధనము కేంద్రము నుండి రాష్ట్రమునకు ఏటా రెండు వాయిదాలలో చేరవలెననియు, రాష్ట్రము దానిని పది పనిదినములలో స్థానిక సంస్థలకు పంపవలెననియు, ఆలస్యమైనచో వడ్డీతో చెల్లింపవలెననియు ఆ సంఘము నియమించినది. షరతులు పంచాయతీలకే గాక పై ప్రభుత్వములకును వర్తించునని దీనివలన తెలియుచున్నది.

2026 ఏప్రిల్ 1 నుండి ఐదేండ్ల కాలము 16వ ఆర్థిక సంఘము పరిధిలోనిది. ఒక్కొక్క సంఘముతో షరతుల వివరములు మారుచుండును గనుక, ఆయా సంవత్సరపు ఉత్తర్వులను మండల కార్యాలయమున తప్పక చూచుకొనవలెను. దిగువ నిచ్చిన వివరములు 15వ ఆర్థిక సంఘము కాలమునకు చెందినవి. వాని వెనుకనున్న కారణములు మాత్రము ఏ కాలమునకైనను వర్తించును.

మొదటి షరతు: ఎన్నికైన పంచాయతీ

గ్రాంటు ఎన్నికైన పాలకవర్గము గల సంస్థలకే ఇయ్యదగును. పంచాయతీ పదవీకాలము ఐదేండ్లు. అది ముగియక మునుపే ఎన్నికలు జరుపవలెనని రాజ్యాంగము శాసించుచున్నది. ఇది పాటింపబడనిచో కలుగు నష్టమునకు ఇటీవలి ఉదాహరణమొకటి కలదు. తెలంగాణలో గ్రామ పంచాయతీల పదవీకాలము 2024 ఫిబ్రవరి మొదట ముగిసినది. ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగినవి. నడుమ గడచిన కాలమంతయు ప్రత్యేకాధికారులు పాలన సాగించిరి. ఎన్నికైన పాలకవర్గములు లేని కారణమున ఆర్థిక సంఘపు నిధులు నిలిచిపోయినవి. వీధిదీపములు, పారిశుధ్యము, నీటి సరఫరా వంటి నిత్యావసర సేవలకు ఆధారమైన సొమ్ము అందకపోయినచో ఇబ్బంది పడునది ఊరివారే.

గ్రామ ధనమును వ్యయపరచువారు గ్రామమునకు జవాబు చెప్పవలసినవారై ఉండవలెననుట ఈ షరతు యొక్క సారము. బదిలీపై వెళ్ళిపోవు ఉద్యోగిని మరునాడు ప్రశ్నింప వీలుపడదు. ఊరిలోనే కాపురముండు సర్పంచిని, వార్డు సభ్యుని ఏ నాడైనను ప్రశ్నింపవచ్చును.

రెండవ షరతు: లెక్కలు అందరికిని కనబడవలెను

ఏ సంవత్సరపు గ్రాంటు పొందుటకైనను దానికి ముందటి సంవత్సరపు తాత్కాలిక లెక్కలును, అంతకు ముందటి సంవత్సరపు ఆడిటు పూర్తియైన లెక్కలును ఇంటర్నెట్టులో ప్రజలకు అందుబాటులో ఉండవలెనని 15వ ఆర్థిక సంఘము నియమించినది. ఉదాహరణకు, 2024-25 గ్రాంటునకు 2023-24 తాత్కాలిక లెక్కలు, 2022-23 ఆడిటు లెక్కలు కావలెను. మొదటి రెండేండ్లు రాష్ట్రములోని సంస్థలలో కనీసము 25 శాతము ఈ నియమమును నెరవేర్చిన చాలునని సడలింపు ఉండెను. 2023-24 నుండి ఆ సడలింపు పోయినది. లెక్కలు ఉంచిన సంస్థలకు మాత్రమే గ్రాంటు లభించునట్లు ఏర్పాటు జరిగినది. ఈ లెక్కలకై 2020 ఏప్రిల్ 24న ఇ-గ్రామ్ స్వరాజ్ అను పోర్టల్ ప్రారంభింపబడినది.

ఆడిటు నాటికి కాగితములు వెదకుట వలననే పలుచోట్ల చిక్కులు వచ్చును. నగదు పుస్తకమును ఏ రోజుది ఆ రోజే వ్రాయవలెను. ప్రతి చెల్లింపునకు ఓచరు, ప్రతి పనికి కొలతల పుస్తకము, కొన్న ప్రతి సరకునకు స్టాకు రిజిస్టరు ఉండవలెను. బ్లీచింగు పౌడరు బస్తాలు ఎన్ని కొనిరి, ఏ తేదీన ఏ ట్యాంకునకు ఎంత వాడిరి అను లెక్క స్టాకు రిజిస్టరులో ఉన్నచో అది ధనమునకు లెక్కయే గాక నీటి శుభ్రతకును సాక్ష్యమగును. కొనిన బస్తాలు గదిలోనే నిల్వయుండి పాడైపోయినచో ఆ సంగతియు రిజిస్టరే బయటపెట్టును.

మూడవ షరతు: గ్రామసభ ఆమోదించిన ప్రణాళిక

ప్రతి పంచాయతీయు ఏటా గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికను సిద్ధపరచి, గ్రామసభ ఆమోదము పొంది, పోర్టల్‌లో ఉంచవలెను. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి వ్యక్తియు గ్రామసభ సభ్యుడే. ప్రణాళిక తయారీలో ప్రజలు పాల్గొనుటకై 2018 అక్టోబరు 2 నుండి దేశవ్యాప్తముగా ప్రచారోద్యమము నడచుచున్నది.

ప్రణాళికకు ఊహ చాలదు, కొలత కావలెను. నీటి విషయమున ఇది మరింత ముఖ్యము. నీటిని రసాయనిక పరీక్షకు ఏడాదికి ఒకసారి, సూక్ష్మజీవుల పరీక్షకు రెండుసార్లు పంపుట నియమము. ఊరిలోనే పరీక్షా పెట్టెతో నీటిని పరీక్షించుటకు గ్రామమునకు ఐదుగురు స్త్రీలకు శిక్షణ ఇచ్చు ఏర్పాటును జల జీవన్ మిషన్‌లో కలదు. ఈ ఫలితములు గ్రామసభ ముందుంచిన పిమ్మటనే ఏ పని చేయవలెనో నిర్ణయింపవలెను.

ఒక ఉదాహరణము చూడుడు. తెలుగు ప్రాంతములో ఫ్లోరైడు జబ్బు ఆనాటి నెల్లూరు జిల్లాలో ఉన్నట్లు 1937లోనే ప్రకటింపబడినది. నల్గొండ జిల్లా తరతరములుగా ఆ బాధను అనుభవించినది. నీటిలో ఫ్లోరైడు లీటరునకు 1 మిల్లీగ్రాము మించకుండుట మంచిది. వేరు ఆధారము లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతింపబడినది. ఫ్లోరైడు క్లోరిన్ కలిపినను పోదు, నీరు కాచినను పోదు. పరీక్ష చేయించక క్రొత్త బోరు త్రవ్వించి, ట్యాంకు కట్టించి, తరువాత ఆ నీరు పనికిరాదని తెలిసినచో లక్షల రూపాయలు నేలపాలగును. పిల్లల దంతములకు, ఎముకలకు కలిగిన హాని ఆ తరువాత తీరునది కాదు. ప్రణాళిక ముందు, వ్యయము తరువాత అను షరతు ఇందుకొరకే.

నాల్గవ షరతు: నిర్ణయించిన పనికే వ్యయము

15వ ఆర్థిక సంఘపు గ్రామీణ గ్రాంటులో 60 శాతము నిర్ణీత ప్రయోజనములకు ముడిపడినది. దీనినే టైడు గ్రాంటు అందురు. అందు సగము పారిశుధ్యమునకు, బహిరంగ మల విసర్జన లేని స్థితిని నిలుపుకొనుటకు వినియోగింపవలెను. తక్కిన సగము త్రాగు నీటికి, వాన నీటిని నిల్వచేయుటకు, వాడిన నీటిని తిరిగి ఉపయోగించుటకు చెందును. మిగిలిన 40 శాతము స్థానిక అవసరములకు పంచాయతీ ఇష్టానుసారము వాడుకొనవచ్చును. అయితే జీతములకు, కార్యాలయ సిబ్బంది ఖర్చులకు దానిని వాడకూడదు.

ఒక పంచాయతీకి ఏడాదికి 10 లక్షలు వచ్చినవనుకొందము. 3 లక్షలు పారిశుధ్యమునకు, 3 లక్షలు నీటికి, 4 లక్షలు ఇతర అవసరములకు చెందును. పారిశుధ్యపు 3 లక్షలతో ఊరి మొగదల స్వాగత తోరణము కట్టించుటకు వీలులేదు. కంటికి కనబడు కట్టడములకు మెప్పు సులభముగా వచ్చును. కాలువలో పూడిక తీయించినవానికి అంత మెప్పు రాదు. మెప్పు రాని పనికి సొమ్ము మిగులునట్లు చేయుటకే ఈ ముడి ఏర్పడినది. ఒక విభాగపు అవసరములన్నియు పూర్తిగా తీరిన ఊరిలో, ఆ సంగతిని గ్రామసభ ధ్రువీకరించి పై అధికారులు ఖాయపరచినచో, ఆ సొమ్మును రెండవ విభాగమునకు వాడుటకు అవకాశమును కలదు.

ఐదవ షరతు: వాటా, నిర్వహణ

కొన్ని పథకములలో పంచాయతీ తన వాటా చెల్లింపవలసి యుండును. స్వచ్ఛ భారత్ మిషన్ గ్రామీణ విభాగపు రెండవ దశలో 5,000 వరకు జనాభా గల గ్రామములకు తలకు 60 రూపాయల వరకు చెత్త నిర్వహణకు, 280 రూపాయల వరకు వాడుక నీటి నిర్వహణకు నిర్ణయింపబడినవి. అందు 30 శాతము పంచాయతీ ఆర్థిక సంఘపు గ్రాంటు నుండి భరింపవలెను. ఈ లెక్కన 2,000 జనాభా గల గ్రామమునకు చెత్తకు 1,20,000, వాడుక నీటికి 5,60,000, మొత్తము 6,80,000 రూపాయల వరకు రాగలవు. పంచాయతీ వాటా 2,04,000. లెక్కలు ఉంచక గ్రాంటు పోగొట్టుకొనిన పంచాయతీకి ఈ వాటా సొమ్ము ఉండదు. అందుచే మిగిలిన 4,76,000 రూపాయలకును చిక్కు వచ్చును. ఒక షరతు తప్పినచో ఇంకొక పథకము కుంటుపడుట ఇట్లు జరుగును.

కట్టిన పిమ్మట నిర్వహణ ముఖ్యము. గ్రామ నీటి, పారిశుధ్య సంఘములో 10 నుండి 15 మంది సభ్యులుండవలెననియు, వారిలో సగము మంది స్త్రీలై యుండవలెననియు నియమము. చివరి ఇంటి కొళాయిలో కూడ లీటరు నీటికి కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలియున్నదా, ఇంకుడు గుంటలు పూడిపోయినవా అని చూచుట ఈ సంఘము పని. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ కార్యకర్త, ఎ.ఎన్.ఎం. చెప్పు విషయములు దీనికి ఎంతో ఉపకరించును. ఒక వీధిలో విరేచనములు హెచ్చినట్లు మొదట తెలియునది వారికే.

గ్రామస్థులు అడుగవలసిన ప్రశ్నలు

గ్రామసభకు వచ్చు ప్రతి స్త్రీయు పురుషుడును ఈ క్రింది ప్రశ్నలు అడుగవచ్చును:

1. మన పంచాయతీ క్రిందటేటి లెక్కలు పోర్టల్‌లో ఉన్నవా? అంతకు ముందటి ఏటి ఆడిటు పూర్తియైనదా?
2. ఆడిటులో వచ్చిన అభ్యంతరములేవి? వానికి జవాబు పంపితిరా?
3. ఈ ఏటి గ్రాంటు ఎంత వచ్చినది? ఏ తేదీన వచ్చినది?
4. పారిశుధ్యపు సొమ్ము, నీటి సొమ్ము వేరువేరుగా చూపబడినవా?
5. మన నీటిని చివరిసారి ఎప్పుడు పరీక్షించిరి? ఫలితమేమి?
6. వచ్చిన సొమ్ములో వ్యయము కానిది ఎంత? వినియోగ ధ్రువపత్రము పంపబడినదా?

ఈ ప్రశ్నలు తగవు పెట్టుకొనుటకు కావు. సరియైన లెక్క ఉంచిన సర్పంచికి వీనివలన గౌరవమే హెచ్చును. జవాబులు సిద్ధముగా లేనిచోట, ఏ కాగితము తక్కువయైనదో ముందే తెలిసి, గడువు మించక మునుపే సవరించుకొను అవకాశము కలుగును. చదువు వచ్చిన యువకులు పోర్టల్‌లోని లెక్కలను చూచి సభలో పెద్దగా చదివి వినిపింపవచ్చును. స్వయం సహాయక సంఘములలో ప్రతి వారము పద్దులు వ్రాయు స్త్రీలకు జమ ఖర్చులు క్రొత్తవి కావు. పంచాయతీ లెక్కలను అర్థము చేసికొనుటలో వారు ముందు నిలువగలరు.

ప్రజలు పన్నుల రూపమున చెల్లించిన ధనమే గ్రాంటుగా తిరిగి గ్రామమునకు వచ్చుచున్నది. అది శుభ్రమైన నీరుగా, పొడి వీధిగా, జబ్బు పడని బిడ్డగా మారవలెనన్నచో, వచ్చు గ్రామసభ తేదీని తెలిసికొని ఇంటికొక్కరైనను దానికి హాజరు కావలెను.