క్యాన్సర్ కణంపై చక్కెర గొలుసులు

చక్కెర అనగానే మనకు తీపి స్ఫురిస్తుంది. కాని జీవకణానికి చక్కెర ఆహారం మాత్రమే కాదు, వస్త్రం కూడా. కణం ఉపరితలంపైనున్న మాంసకృత్తులకు చక్కెర అణువుల పొడవైన గొలుసులు అంటిపెట్టుకొని ఉంటాయి. వానిలో హెపరాన్ సల్ఫేట్ ముఖ్యమైనది. సల్ఫేట్ సముదాయాలు ఉండుటచే దీనికి బలమైన ఋణావేశం కలుగుతుంది. ఈ ఋణావేశమే ఒక క్యాన్సర్ ఔషధానికి ద్వారమైన విధమును పరిశీలిద్దాం.

1965లో అమెరికా శాస్త్రజ్ఞుడు బార్నెట్ రోజెన్‌బర్గ్ బాక్టీరియాలపై విద్యుత్ ప్రభావాన్ని పరిశోధిస్తూ, ప్లాటినం ఎలక్ట్రోడుల నుండి వెలువడిన పదార్థాలు వాని విభజనను ఆపుతున్నవని గమనించాడు. ఆ పరిశోధన ఫలితమే సిస్‌ప్లాటిన్. అది 1978లో అమెరికాలో చికిత్సకు ఆమోదం పొందింది. ఆవేశం లేని ఈ చిన్న అణువు కణంలో ప్రవేశించి, డి.ఎన్.ఎ.తో బంధం ఏర్పరచుకొని, కణవిభజనను నిరోధిస్తుంది. అయితే కొన్ని కణితులు కాలక్రమేణ దీనికి లొంగవు. అందుచే అన్వేషణ కొనసాగింది.

నికొలస్ ఫారెల్, ఆయన సహచరులు మూడు ప్లాటినం పరమాణువులను వరుసగా కూర్చి ట్రైప్లాటిన్‌ను రూపొందించారు. దీని ధనావేశం నాలుగు. క్రొవ్వుతో నిర్మితమైన కణత్వచాన్ని ఆవేశంగల అణువులు సులభంగా దాటలేవు. అయినప్పటికీ ట్రైప్లాటిన్ సిస్‌ప్లాటిన్ కంటె అధికంగా కణంలో చేరింది! కారణమేమి?

సమాధానం చక్కెరలో లభించింది. హెపరాన్ సల్ఫేట్ లేని హామ్‌స్టర్ కణాలను సాధారణ కణాలతో పోల్చి చూడగా, ఆ గొలుసులు లేనిచోట ట్రైప్లాటిన్ ప్రవేశం తగ్గింది. సిస్‌ప్లాటిన్‌కు అట్టి భేదం కానరాలేదు. విరుద్ధ ఆవేశాలు ఆకర్షించుకొనగా, సల్ఫేట్‌లోని ఆక్సిజన్‌ను ఔషధంలోని అమీన్ సముదాయాలు హైడ్రోజన్ బంధాలతో పట్టుకొంటాయి.

మరొక విశేషమున్నది. కణితులలో హెపరనేజ్ అనే ఎంజైము ఈ గొలుసులను ఖండించి, వానిని ఆశ్రయించియున్న వృద్ధికారకాలను విడుదల చేస్తుంది. వ్యాధి ఇతర అవయవాలకు ప్రాకడానికి ఇది తోడ్పడుతుంది. ట్రైప్లాటిన్ గొలుసును కప్పియుంచినపుడు ఈ ఖండన మందగిస్తుందని ప్రయోగశాలలో తేలింది. కణంలో ప్రవేశించి చంపుట ఒక పని, వెలుపల నిలిచి వ్యాప్తిని అడ్డుట మరొకటి.

అయితే విజయం సంపూర్ణం కాలేదు. రోగులపై రెండవ దశ పరీక్షల అనంతరం ట్రైప్లాటిన్ ముందుకు సాగలేదు. రక్తంలోని మాంసకృత్తులతో కలిసి అది మార్పు చెందుట ఒక అవరోధమైంది. పరీక్షనాళికలో నెగ్గినదంతా రోగిశయ్య వద్ద నెగ్గదు.

అయినను ఆ శ్రమ వ్యర్థం కాలేదు. డి.ఎన్.ఎ. ఒక్కటే లక్ష్యమని తలచిన ప్లాటినం ఔషధాలకు, కణంపైనున్న చక్కెర కూడా లక్ష్యం కాగలదని అది తెలిపింది. విరుద్ధ ఆవేశాల ఆకర్షణ మనం తరగతిలో నేర్చిన తొలి పాఠాలలో ఒకటి. ఆ చిన్న పాఠమే ప్రాణరక్షణకు మార్గం చూపవచ్చునని విద్యార్థులు గ్రహింతురు గాక.